ముందొచ్చిన వాణ్నే ముందు గెంటేస్తారా?

మన దేశంలో మందుల కంపెనీలు నలభై అయిదు దాటిన మెడికల్ రెప్రజెంటేటివ్‌ను ఉద్యోగంలోంచి తీసేయవు. అతని చేతే రాజీనామా రాయించుకుంటాయి. అందుకే ఎంతమంది పోయారో ఏ లెక్కలోనూ కనపడదు. లేబర్ ఆఫీసులో ఫైలుండదు. పేపర్లో వార్తుండదు. నోటీసుండదు, నష్టపరిహారముండదు. ఇరవై, ఇరవై అయిదేళ్లు బండి మీద బ్యాగు పెట్టుకుని ఊళ్లు తిరిగిన మనిషి ఒక సాయంత్రం ‘వ్యక్తిగత కారణాల వల్ల’ అని రాసిచ్చి ఇంటికెళ్తాడు. వయసు పెరగడం తప్ప అతను చేసిన తప్పు ఇంకేమీ ఉండదు.

ఇది అన్యాయం అని నిట్టూర్చి ఊరుకునే విషయం కాదు. దేశం రాసుకున్న చట్టాన్ని పట్టపగలు తలకిందులు చేయడం ఇది. పారిశ్రామిక వివాదాల చట్టంలో 1953లో చేర్చిన 25జి సెక్షన్ ఏం చెప్పింది? మనుషుల్ని తగ్గించక తప్పకపోతే ఆఖరున చేరినవాణ్ని ముందు పంపాలని చెప్పింది. అలా కాకుండా పాతవాణ్ని పంపితే ఎందుకు పంపారో రాతపూర్వకంగా కారణం చూపాలని చెప్పింది. నెల ముందు నోటీసివ్వాలని, చేసిన ప్రతి ఏడాదికీ పదిహేను రోజుల సగటు జీతం కట్టివ్వాలని 25ఎఫ్ చెప్పింది. ఆ చట్టం స్థానంలో 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్‌లోనూ ఈ సూత్రం చెక్కుచెదరలేదు. దాని వెనకున్న న్యాయం చదువు రానివాడికి కూడా అర్థమవుతుంది. ఎక్కువ కాలం చాకిరీ చేసినవాడికి ఆ కొలువు మీద ఎక్కువ హక్కుంటుంది. బయటికి పంపితే ఇంకో కొలువు దొరకడం కూడా అతనికే కష్టం. మందుల కంపెనీలు చేస్తున్నది దీనికి సరిగ్గా వ్యతిరేకం. ఆఖరున వచ్చినవాడు ఉంటాడు, ముందొచ్చినవాడు పోతాడు. రాజీనామా కాగితం చేతిలో ఉంటుంది కాబట్టి కారణం రాసే పని కూడా వాళ్లకుండదు.

రెప్‌లకు, అంటే మెడికల్ రెప్రజెంటేటివ్‌లకు, చట్టం రక్షణ ఊరికే రాలేదు. ఫ్యాక్టరీలో మిషను తిప్పేవాడు కార్మికుడే గానీ డాక్టరు ముందు నిలబడి మందు గురించి చెప్పేవాడు కార్మికుడు కాడని కంపెనీలు ఏళ్ల తరబడి కోర్టుల్లో వాదించాయి. రెప్‌ల సంఘాలు పోరాడాయి. 1963లో వాళ్ల అఖిల భారత సమాఖ్య ఎఫ్.ఎం.ఆర్.ఎ.ఐ. పుట్టింది. చివరికి 1976లో సేల్స్ ప్రమోషన్ ఎంప్లాయీస్ చట్టం వచ్చింది. మొదట కొద్దిపాటి జీతగాళ్లకే వర్తించిన ఆ చట్టాన్ని 1986లో సవరించి జీతం పరిమితి తీసేశారు. 1994లో అద్యంతయ, శాండోజ్ కంపెనీ కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం, పారిశ్రామిక వివాదాల చట్టంలోని నిర్వచనం ఒక్కదాన్నే చూస్తే రెప్ కార్మికుడు కాడనీ, 1976 చట్టం ద్వారానే అతనికి ఆ హక్కులు దక్కుతాయనీ తేల్చింది. ఇప్పుడా చట్టం కొత్త కోడ్‌లలో కలిసిపోయింది. సేల్స్ ప్రమోషన్ ఉద్యోగిని ‘కార్మికుడు’ అన్న నిర్వచనంలోకే తీసుకొచ్చారు. కాగితం మీద ఇంత రక్షణ ఉన్నా రాజీనామా కోసం గదిలోకి పిలిచిన రోజున అతనికి ఒక్కటీ అక్కరకు రావడం లేదు.

ఆ గది ఎలా ఉంటుందో నాకు తెలుసు. విజయవాడ బందరు రోడ్డులో ఒక హోటల్లో అమ్మకాలు సమీక్షించే సైకిల్ మీటింగు జరుగుతోంది. ఉదయం సెషన్ మధ్యలో మా సీనియర్‌ను ‘ఒక్క అయిదు నిమిషాలు’ అని పక్క గదిలోకి పిలిచారు. గదిలో రీజినల్ మేనేజరు, బొంబాయి నుంచి వచ్చిన హెచ్చార్ అమ్మాయి ఉన్నారు. ఆ రీజినల్ మేనేజరు కుర్రాడుగా ఉద్యోగంలో చేరినప్పుడు మొట్టమొదటి జాయింట్ వర్క్ చేసింది ఈయన బండి వెనక కూర్చునే. లాప్‌టాప్‌లో రాజీనామా ఉత్తరం టైపు చేసి సిద్ధంగా ఉంది. ఆయన తన మెయిల్ తెరిచి దాన్ని పంపడమే తరువాయి. ఇప్పుడే పంపితే మూడు నెలల బేసిక్ ఇస్తామన్నారు. లేదంటే రేపటినుంచి హెడ్‌క్వార్టర్ సిల్చార్, అస్సాం. ఇంట్లో ఒక మాట అడిగి చెప్తానన్నాడాయన. “ఫోన్ టేబుల్ మీదే ఉంచండి సార్” అంది ఆ అమ్మాయి. భోజనం చేసొచ్చి పంపుతానన్నాడు. “పంపేసి అందరం కలిసే భోంచేద్దాం సార్” అంది. రీజినల్ మేనేజరు తలెత్తకుండా “గురువుగారూ, నా చేతుల్లో ఏం లేదండీ” అన్నాడు. ఆయన బయటికొచ్చేసరికి భుజాన బ్యాగు లేదు, చేతిలో ట్యాబ్ లేదు. మధ్యాహ్నం సెషన్‌లో స్లైడు మీద ఆయన టెరిటరీ ఎదురుగా కొత్త కుర్రాడి పేరు పడింది.

ఆ స్లైడే నా వాదనకు రుజువు. టెరిటరీ పోలేదు. డాక్టర్ల లిస్టు పోలేదు. టార్గెట్ పోలేదు సరికదా పెరిగింది. పని ఎప్పటిలాగే ఉండగా మనిషిని తీసేశారు. దీనికి ‘రీస్ట్రక్చరింగ్’ అని ఎంత గొప్ప పేరు పెట్టినా జరిగింది దొంగచాటుగా చేసిన ఉద్యోగుల తగ్గింపే, అంటే రిట్రెంచ్‌మెంటే.

అందరి విషయంలోనూ అది ఒక్క పూటలో జరిగిపోదు. ముందు ఆ మనిషిని నలుపుతారు. రెండు టెరిటరీలు కలిపి ఒకటి చేసి టార్గెట్ మాత్రం కూడి పెడతారు. టీఏ, డీఏ బిల్లులు నెలల తరబడి తొక్కిపెడతారు. ట్యాబ్‌లో జీపీఎస్ పది నిమిషాలు తప్పితే డాక్టరును కలిసిన ఆ కాల్ జరగలేదంటారు. వర్షంలో పాలకొల్లు డాక్టరు గదిలో కూర్చున్నా సెల్ టవర్ భీమవరం చూపిస్తే ఆ రోజు డీసీఆర్, అంటే రోజువారీ కాల్ రిపోర్టు, తప్పుడు రిపోర్టవుతుంది, ఆ పేరుతో ఒక మెమో వస్తుంది. వాట్సాప్ గ్రూపులో రాత్రి పదకొండింటికి వందమంది ముందు ‘జీరో పెర్ఫార్మర్’ అని పేరు పెడతారు. కొందరికి పేరుకు మాత్రం మేనేజర్ హోదా కట్టబెడతారు. కింద ఒక్క మనిషి ఉండడు, చేసేది అదే బ్యాగు మోసే పని, కానీ రేపు కోర్టుకెళ్తే ‘ఈయన మేనేజరండీ, కార్మికుడు కాదు’ అనడానికి ఆ హోదా పనికొస్తుంది. వీటికీ లొంగకపోతే ఆఖరి అస్త్రం బదిలీ. యాభై ఏళ్లవాణ్ని, మంచాన పడ్డ తల్లి ఉన్నవాణ్ని, భాష రాని రాష్ట్రానికి పంపుతారు. దురుద్దేశంతో బదిలీ చేయడం అనుచిత కార్మిక విధానమని చట్టమే జాబితా కట్టి చెప్పింది. ఆ ఉద్దేశాన్ని కోర్టులో రుజువు చేయడానికి పదేళ్లు పడుతుందని కంపెనీకి తెలుసు. ఇంట్లో బియ్యం నెలాఖరు దాకా కూడా రావని రెప్‌కు తెలుసు. కంపెనీ బలమంతా ఆ తేడాలోనే ఉంది.

ఎందుకిదంతా? లెక్క చాలా మోటుగా ఉంటుంది. మనిషికి నెలకు ఎంత అమ్మకం అన్నదే కంపెనీ చూసుకునే కొలత. ఇరవై ఇంక్రిమెంట్లు తీసుకున్న పాతవాడి జీతంతో ఇద్దరు ముగ్గురు కుర్రాళ్లొస్తారు. వాళ్లు యూనియన్‌లో చేరరు, అపాయింట్‌మెంట్ ఆర్డరు చదవరు, ఆదివారం పిలిచినా వస్తారు. కొత్త కోడ్ గుర్తించిన ఫిక్స్‌డ్ టర్మ్ ఉద్యోగమైతే మరీ సుఖం. గడువు ముగిసిందంటే చాలు, రిట్రెంచ్‌మెంట్ అన్న మాటే రాదు.

పాతవాడి ఖర్చు లెక్కేసిన కంపెనీలు అతను సంపాదించి పెట్టింది కూడా లెక్కేయాలి కదా! 1970 పేటెంట్ చట్టం మందు అణువు మీద పేటెంట్ తీసేసి తయారీ పద్ధతికే పేటెంట్ ఇచ్చింది. దాంతో ఒకే మందును పదులకొద్దీ, వందలకొద్దీ కంపెనీలు తలా ఒక పేరుతో తయారుచేశాయి. హైదరాబాద్‌లోని ప్రభుత్వ మందుల కంపెనీ ఐడీపీఎల్‌లో పనిచేసి బయటికొచ్చిన అంజిరెడ్డి 1984లో డాక్టర్ రెడ్డీస్ పెట్టగలిగారంటే ఆ చట్టం తెరిచిన దారి చలవే. మందు ఒకటే, పేర్లు వంద. అందులో ఏ పేరు డాక్టరు చీటీ మీద పడుతుందన్నది నిర్ణయించింది ఎవరు? గుంటూరు కొత్తపేటలో, విజయవాడ సూర్యారావుపేటలో రాత్రి పదింటిదాకా ఆఖరి పేషెంటు వెళ్లేవరకు బల్ల మీద కూర్చున్న రెప్. కుళ్లిన మురుగు పక్కన మెడికల్ షాపు మెట్ల మీద నిలబడి, స్టాకిస్టు దగ్గర సరుకు కదలకపోతే తన ఇన్సెంటివ్ వదులుకుని మరీ కదిలించిన రెప్. బ్రాండంటే డాక్టరు చేతికి పట్టిన అలవాటు. ఆ అలవాటు చేసింది ఇతను.

ఆ అలవాటుకు బజార్లో ఎంత ధర పలుకుతుందో చూడండి. 2010లో పిరమల్ వారి దేశీయ మందుల వ్యాపారాన్ని అబాట్ 372 కోట్ల డాలర్లకు కొన్నది. 2017లో యూనికెమ్ దేశీయ వ్యాపారానికి టోరెంట్ 3,600 కోట్ల రూపాయలిచ్చింది. వేల కోట్లు పోసి వాళ్లు కొన్నది ప్రధానంగా యంత్రాల్ని కాదు, పేర్లను. ఆ పేర్లను నిలబెట్టినవాళ్లకు అందులో వాటా లేకపోతే పోయె, ఉన్న ఉద్యోగమైనా ఉండొద్దా? మన హైదరాబాద్ కంపెనీ కథే రెండు రకాలుగా నడిచింది. 2020లో డాక్టర్ రెడ్డీస్ వోకార్డ్ట్ నుంచి 62 బ్రాండ్లు కొన్నప్పుడు వాటి వెనకున్న సేల్స్, మార్కెటింగ్ బృందాలు కూడా ఆ ఒప్పందంలో భాగంగా తరలివచ్చాయి. 2022 ఫిబ్రవరిలో వోవెరాన్ లాంటి బ్రాండ్ల అమ్మకాన్ని, పంపిణీని నోవార్టిస్ ఇండియా అదే డాక్టర్ రెడ్డీస్‌కు అప్పగించినప్పుడు మాత్రం నోవార్టిస్‌లో దాదాపు 400 మంది ఉద్యోగాలకు ముప్పొచ్చిందని వార్తలొచ్చాయి. అంటే బ్రాండుతోపాటు మనుషుల్ని తీసుకెళ్లడం సాధ్యమేనని పరిశ్రమే ఒకసారి చేసి చూపించింది. రెండోసారి చేయకపోవడం సాధ్యం కాక కాదు, అవసరం లేదనుకుని. ఏరు దాటాక తెప్ప తగలేయడమంటే ఇదే.

కంపెనీల తరఫున వకాల్తా పుచ్చుకునేవాళ్లు చెప్పే సమాధానం నాకు కంఠతా వచ్చు. కాలం మారింది, డాక్టర్లు రెప్‌లకు టైమివ్వడం లేదు, కార్పొరేట్ ఆస్పత్రుల్లో కొనుగోళ్లు కమిటీ చేతిలోకి వెళ్లాయి, కాన్ఫరెన్సులూ మెసేజీలూ అన్నీ ఫోన్లోనే నడుస్తున్నాయి, పాతవాళ్లకు ట్యాబ్ నొక్కడం రాదు అంటారు. పని మారిన మాట నిజమే. అలాగైతే ఆ పనికి అవసరమే లేదని అందర్నీ తగ్గించాలి. అలా చేయడం లేదు. పాతవాళ్లు వెళ్లిన వారంలోనే ‘వాక్ ఇన్ ఇంటర్వ్యూ, వయసు 28 లోపు’ అని ప్రకటన పడుతుంది. ఇక ట్యాబ్ సంగతి. అచ్చు పుస్తకంలాంటి విజువల్ ఎయిడ్ నుంచి ట్యాబ్‌కు, పోస్టులో పంపే రిపోర్టు నుంచి రోజువారీ ఆన్‌లైన్ రిపోర్టుకు, వ్యాట్ నుంచి జీఎస్టీకి, కరోనాలో వీడియో కాల్‌కు మారి చూపించింది ఈ పాతవాళ్లే. వారం శిక్షణ ఇస్తే నేర్చుకునే విద్యను సాకుగా చూపించి ఇరవై ఏళ్ల అనుభవాన్ని చెత్తబుట్టలో వేయడం తెలివితక్కువ పని కూడా.

అనుభవం ఎందుకు కావాలో మందుల వ్యాపారానికి వేరే చెప్పాలా? 2004 సెప్టెంబరు 30న రోఫికాక్సిబ్ అనే నొప్పుల మందును గుండెపోటు ముప్పు కారణంగా మెర్క్ ప్రపంచమంతటా వెనక్కి తీసుకుంది. మన దగ్గర ఆ మందును ఎన్నో కంపెనీలు ఎన్నో పేర్లతో అమ్మేవి. ప్రభుత్వం నిషేధించేసరికి డిసెంబరు వచ్చింది. ఆ మధ్య నెలల్లో పై నుంచి ఉత్తర్వు కోసం చూడకుండా, నిన్న తామే గొప్పగా చెప్పిన మందు గురించి ఇవాళ అదే డాక్టరు దగ్గరికి వెళ్లి “సార్, ఇది ఆపేయండి, గుండె జబ్బున్నవాళ్లకు అసలు రాయకండి” అని చెప్పిన రెప్‌లను నేను చూశాను. టార్గెట్ పోతుందని తెలిసీ చెప్పారు. ఆ డాక్టరుతో పదేళ్ల పరిచయం ఉంది కాబట్టి, ఆ ఊళ్లో రేపు కూడా తిరగాలి కాబట్టి చెప్పగలిగారు. ఆరు నెలలు నిండితే ఉంటాడో ఊడతాడో తెలియని కుర్రాడికి ఆ మాట చెప్పే ధైర్యం ఎక్కడినుంచి వస్తుంది? తప్పు ఆ కుర్రాడిది కాదు. అతన్ని నెలాఖరు అమ్మకాల క్లోజింగ్ తప్ప ఇంకేదీ చూడనివ్వని వ్యవస్థది. ఉద్యోగ భద్రత లేని నోటితో మందు గురించి నిజం చెప్పించలేరు. దాని నష్టం చివరికి పడేది పేషెంటు మీద.

రాజీనామా మర్నాడు ఆ ఇంట్లో ఏం జరుగుతుందో కూడా చూద్దాం. కంపెనీ ఇచ్చిన గ్రూపు ఇన్సూరెన్స్ ఆగిపోతుంది. పాతికేళ్లు గతుకుల రోడ్ల మీద బండి నడిపి అరిగిన నడుముకు, వేళ తప్పిన భోజనంతో వచ్చిన షుగరుకు, ఆ వయసులో కొత్త పాలసీ కొనబోతే ‘ముందే ఉన్న జబ్బు’ అని ఏళ్లతరబడి ఎదురుచూడమంటారు. పెన్షన్ ఉంది కదా అంటారేమో. ఉద్యోగుల పెన్షన్ పథకం ఈపీఎస్‌లో పెన్షన్ వచ్చేది యాభై ఎనిమిదికి. యాభైకే తీసుకుంటే ముందుకు జరిగిన ప్రతి ఏడాదికీ నాలుగు శాతం చొప్పున కోత. ఎంత జీతం తీసుకున్నా మామూలు లెక్కలో పెన్షన్‌కు పరిగణించేది నెలకు 15,000 రూపాయలే. దాని మీద ముప్పై అయిదేళ్లు పూర్తిగా చేసినవాడికి లెక్క గడితే వచ్చేది నెలకు దాదాపు 7,500. నలభై అయిదుకే గెంటేస్తే ఆ ముప్పై అయిదేళ్లు ఎప్పటికి నిండుతాయి? పిల్ల ఇంజనీరింగ్ రెండో ఏడు ఫీజు, ఇంటి లోను కిస్తీ యాభై ఎనిమిది దాకా ఆగవు. అందుకే నిన్నటిదాకా టై కట్టుకుని డాక్టరు గదిలోకి వెళ్లినవాళ్లు ఇవాళ అదే వీధిలో మెడికల్ షాపు కౌంటర్లో మాత్రల పట్టీలు కత్తిరిస్తున్నారు, రాత్రిళ్లు క్యాబ్ నడుపుతున్నారు. ఏ పనీ తక్కువది కాదు. వాళ్లకు హక్కుగా రావలసిన పనిని లాక్కోవడమే తప్పు.

అమెరికాలో ఉద్యోగాలు తీసేయరా అని అడిగేవాళ్లుంటారు. తీసేస్తారు. 2006 నవంబరులో ఫైజర్ తన అమెరికా సేల్స్ బలగంలో అయిదో వంతు తగ్గిస్తున్నట్టు ప్రకటించింది. కానీ అక్కడ బాహాటంగా ప్రకటించింది, దేశమంతా చూసింది. పైగా నలభై నిండినవాళ్ల పట్ల వయసు చూసి వివక్ష చూపకూడదని అక్కడ 1967 నుంచే చట్టముంది. సేల్స్ ఉద్యోగాల్లోకి పెద్ద వయసువాళ్లను తీసుకోవడం లేదన్న ఆరోపణ మీద ఎలీ లిల్లీ అనుబంధ సంస్థపై ప్రభుత్వ కమిషనే 2021లో కేసు వేసింది. 2023లో ఆ సంస్థ 24 లక్షల డాలర్లు చెల్లించేందుకు ఒప్పుకుని రాజీపడింది. మన రాజ్యాంగంలో వివక్ష వద్దన్న జాబితాలో మతం, కులం, లింగం, పుట్టిన చోటు ఉన్నాయి. వయసు లేదు. ప్రైవేటు ఉద్యోగంలో వయసు చూసి తరిమితే అడిగే చట్టమే లేదు. ‘28 లోపు’ అని నిస్సిగ్గుగా అచ్చు వేయగలగడం అందుకే.

కాబట్టి అడగాల్సినవి అడుగుతున్నాను. పదేళ్లు దాటి పనిచేసిన ఉద్యోగి రాజీనామా లేబర్ అధికారి ఎదుట, అతను ఒంటరిగా ఉండి చెప్పినప్పుడే చెల్లాలి. ఆ తర్వాత పదిహేను రోజుల్లో వెనక్కి తీసుకునే వీలుండాలి. బ్రాండు అమ్మినా, పంపిణీ హక్కు మాత్రమే ఇచ్చినా దాని మీద పనిచేస్తున్న మనుషులు అదే సర్వీసుతో కొత్త కంపెనీకి వెళ్లాలి. సంస్థ చేతులు మారితే ఉద్యోగికి రక్షణ ఇచ్చిన చట్టం, బ్రాండు చేతులు మారితే కళ్లు మూసుకోవడానికి వీల్లేదు. ఉద్యోగ ప్రకటనల్లో వయసు పరిమితిని నిషేధించాలి. నలభై అయిదు దాటినవాళ్లు ఏడాదిలో ఎంతమంది ‘రాజీనామా’ చేశారో ప్రతి కంపెనీ లేబర్ శాఖకు లెక్క చెప్పాలి. జీనోమ్ వ్యాలీలో భూములిచ్చేటప్పుడు, పరవాడ ఫార్మా సిటీలో రాయితీలిచ్చేటప్పుడు ఎన్ని ఉద్యోగాలిస్తారని అడిగే మన రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలు, ఇచ్చిన ఉద్యోగాలు ఎన్నేళ్లుంచుతారని కూడా అడగాలి. డాక్టర్లకూ ఒక మాట. పదేళ్లుగా మీ గుమ్మంలో నిలబడ్డ మనిషి ఉన్నట్టుండి రావడం మానేస్తే, అతని స్థానంలో వచ్చిన కుర్రాణ్ని ‘ఆయనేమయ్యాడయ్యా?’ అని అడగండి. ఆయన మేనేజర్‌ను అడగండి. మీ చీటీ కోసం పడిగాపులు కాసే కంపెనీ మీ ప్రశ్నకు జవాబు చెప్పకుండా పోలేదు.

ఇక రెప్ తమ్ముళ్లకు, చెల్లెళ్లకు, ముఖ్యంగా ఇవాళ ముప్పైల్లో ఉండి పాతవాడి టెరిటరీ అందుకున్నవాళ్లకు. ఆ స్లైడు మీద ఒకరోజు మీ పేరు ఎదురుగా కూడా ఇంకొకరి పేరు పడుతుంది. కాబట్టి యూనియన్ సభ్యత్వం ఇవాళే తీసుకోండి. అపాయింట్‌మెంట్ ఆర్డరు, మెమోలు, బిల్లుల కాపీలు, రాత్రి పదకొండింటి మెసేజీలు ఇంట్లో భద్రంగా పెట్టుకోండి. గదిలోకి పిలిచిన రోజున ఏ కాగితం మీదా సంతకం పెట్టకండి, ఏ మెయిలూ పంపకండి. తీసేస్తే తీసేస్తున్నామని రాసివ్వమనండి. కంపెనీ భయపడేది ఆ రాత ఒక్కదానికే. రాసిచ్చిన మరుక్షణం నోటీసు, పరిహారం, ఆఖరున చేరినవాడు ముందు పోవాలన్న నియమం అన్నీ బతికొస్తాయి. భయపెట్టి పంపించుకున్నా సరే, ఆమోదం వచ్చేలోపు వెనక్కి తీసుకుంటున్నానని అదే రాత్రి రాసి కంపెనీకీ లేబర్ కమిషనర్‌కూ పంపండి. మీ పక్కవాణ్ని ఆ గదిలోకి పిలిస్తే అతను ఒంటరిగా వెళ్లకుండా చూడండి. హాల్లో ఉన్న నలభై మందీ లేచి తలుపు దగ్గర నిలబడితే లోపల ఆ లాప్‌టాప్ తెరిచే ధైర్యం ఏ మేనేజరుకూ ఉండదు.